సంచిలో స్కేలు వేసుకోండి: ఫోన్‌తో శిల్పాన్ని త్రీడీలో భద్రపరచడం

నేను చేసిన మొదటి త్రీడీ మోడల్ చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. సగం అరిగిపోయిన శిల్పం తెర మీద ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. చూసినవాళ్లలో ఒకాయన "ఎంత ఎత్తుంటుందండీ?" అని అడిగాడు. నోరెళ్లబెట్టాను. ఫొటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టడం మరిచిపోయాను. ఫొటోల నుంచి కట్టిన మోడల్‌కి ఆకారం తెలుస్తుంది కానీ కొలత తెలియదు. జానెడు బొమ్మయినా నిలువెత్తు విగ్రహమైనా దానికి ఒకటే.

ఈ పద్ధతిని ఫొటోగ్రామెట్రీ అంటారు. ఆలోచన పాతదే. 1858లో ఆల్‌బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే యువ వాస్తుశిల్పి జర్మనీలోని వెట్స్‌లార్ చర్చిని కొలుస్తూ పైనుంచి పడబోయి బతికాడు. ప్రాణాల మీదికి తెచ్చుకుని ఎక్కే బదులు ఫొటోల్లోంచే కొలవొచ్చు కదా అనిపించింది ఆయనకి. ఇప్పుడు ఆ లెక్కంతా కంప్యూటర్ చేస్తుంది. రాతి మీది ఒకే చుక్క వేర్వేరు ఫొటోల్లో ఎక్కడెక్కడ పడిందో చూసి, అది ఎంత దూరంలో ఉందో రాబడుతుంది.

ముందు ఆ శిల్పం ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ల అనుమతి తీసుకోండి. తర్వాత మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్లండి. ఎండలో తీస్తే నీడలు కూడా రాతికి అతుక్కుపోయిన మరకల్లా మోడల్‌లోకి వచ్చేస్తాయి. ఫ్లాష్ వద్దు. పోర్ట్రెయిట్ మోడ్, ఫిల్టర్లు, జూమ్ అన్నీ ఆపేయండి. తెర మీద శిల్పం దగ్గర వేలు కాసేపు నొక్కిపెడితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. స్కేలుని శిల్పానికి ఆనించకుండా, ఫ్రేములో కనిపించేలా పక్కన పెట్టి చివరిదాకా కదపకండి.

ఇక అసలు పని నడక. చాలామంది ఒకేచోట నిలబడి ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతారు. దానివల్ల లోతు తెలియదు. మీరే కదలాలి. ఒక అడుగు, ఒక ఫొటో, మళ్లీ ఒక అడుగు. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు తర్వాతి దాంట్లోనూ ఉండాలి. చుట్టూ తిరిగి వచ్చేసరికి 30 ఫొటోలైనా కావాలి. మోకాలి ఎత్తులో ఒక చుట్టు, ఛాతీ ఎత్తులో ఒకటి, చేతులు పైకెత్తి ఇంకొకటి. గడ్డం కింద, చంకలో, వేళ్ల సందుల్లో విడిగా తీయండి. మోడల్‌కి చిల్లులు పడేది అక్కడే. నిగనిగలాడే లోహం, గాజు మాత్రం ఈ పద్ధతికి లొంగవు.

ఫొటోలని కలపడానికి మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కాకపోతే పూర్తి మోడల్‌కి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. లేకపోతే ఫోన్ యాప్‌లూ ఉన్నాయి.

అరిగిన అక్షరాలకి ఇంకో ఉపాయం ఉంది. దయచేసి సుద్ద రుద్దకండి, నీళ్లు చల్లకండి. చీకటి పడ్డాక ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి, టార్చిని రాతికి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. పగలంతా నున్నగా కనిపించిన చోట ఒక్కసారిగా గీత లేస్తుంది, దాని పక్కన కొమ్ము, కింద ఒత్తు. నేను మొదటిసారి చూసినప్పుడు టార్చి పట్టుకున్న చెయ్యి వణికి ఆ ఫొటో పాడైంది, అది వేరే సంగతి. కెమెరా కదపకుండా వెలుతుర్ని మాత్రం చుట్టూ తిప్పుతూ పదుల ఫొటోలు తీసి కలిపితే, తర్వాత తెర మీదే దీపాన్ని ఎటు కావాలంటే అటు జరపొచ్చు. దీన్నే రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, పొట్టిగా ఆర్‌టీఐ అంటారు. ఫ్రేములో ఒక నల్లటి నున్నటి గోళీ ఉంచితే, దాని మీది మెరుపుని బట్టి వెలుతురు ఎటునుంచి పడిందో సాఫ్ట్‌వేర్ కనిపెడుతుంది. 2005లో ఆంటికైథెరా యంత్రం అనే ప్రాచీన గ్రీకు పరికరం మీది రాతల్ని ఇలాంటి పద్ధతితోనే పరిశీలించారు.

మోడల్ వచ్చింది కదా అని ఫొటోలు చెరిపేయకండి. నా దృష్టిలో అసలు ఆస్తి ఫొటోలే. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాలని 2001లో తాలిబాన్లు పేల్చేశాక, జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ బృందం పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్‌లో తిరిగి కట్టింది. అందుకు బాగా అక్కరకొచ్చినవి రాబర్ట్ కోస్ట్కా అనే ఆస్ట్రియా ప్రొఫెసర్ 1970లో తీసిన ఫొటోలు. ఆయన తీసే నాటికి ఇప్పటి సాఫ్ట్‌వేర్ లేదు. కాబట్టి ఒరిజినల్స్ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట. పక్కనే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టి తేదీ, తీసినవారి పేరు, కొలత, రాయి పరిస్థితి రాయండి. కాపలా లేని శిల్పమైతే, అందరికీ పంచే కాపీల్లోంచి లొకేషన్ తీసేయండి. దొంగలకి మనమే దారి చూపినట్టవుతుంది.

ఆ మొదటి శిల్పం దగ్గరికి రెండు నెలల తర్వాత టేపు పట్టుకుని మళ్లీ వెళ్లాను. చెవి తమ్మె నుంచి హారం కొస దాకా, తగలకుండా కొలిస్తే 31 సెంటీమీటర్లు. పాత మోడల్‌లో ఆ రెండు చుక్కల మధ్య ఆ అంకె ఇవ్వగానే మొత్తం కొలత కుదిరింది. అడిగినాయనకి ఫోన్ చేసి ఎత్తు చెప్పాను. ఆయన ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు.