దీర్ఘకాలిక హెపటైటిస్ బి: ఏ మందు, ఎలా వాడాలి

మందు మొదలుపెట్టే ముందు హెచ్‌బీవీ డీఎన్‌ఏ (రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఎంత ఉందో చెప్పేది), ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), హెచ్‌బీఈ యాంటిజెన్ (వైరస్ చురుగ్గా పెరుగుతోందని సూచించే ప్రొటీన్), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే స్కాన్) పరీక్షలు కావాలి. హెచ్‌ఐవీ పరీక్ష అసలు మానకూడదు. హెచ్‌ఐవీ ఉండగా హెపటైటిస్ మందు ఒక్కటే ఇస్తే హెచ్‌ఐవీ వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉండి రక్తంలో వైరస్ కనిపిస్తే ఏఎల్‌టీ మామూలుగా ఉన్నా చికిత్స తప్పదు.

ఎక్కువమందికి రోజుకో మాత్ర సరిపోతుంది. ఎంటెకావిర్ 0.5 మి.గ్రా. ఖాళీ కడుపుతో వేసుకోవాలి. భోజనానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు ఎడం ఉండాలి. ఆహారంతో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. గతంలో లామివుడిన్ అనే పాత మందు వాడినవారికి టెనోఫోవిర్ మేలు. అందులో రెండు రకాలున్నాయి: డైసోప్రాక్సిల్ 300 మి.గ్రా. మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీయవచ్చు, ఆ భయం ఉన్నవారికి అలాఫెనమైడ్ 25 మి.గ్రా. మేలు, దీన్ని భోజనంతో తీసుకోవాలి. గర్భిణులకు సాధారణంగా ఇచ్చేది టెనోఫోవిరే.

మాత్రలు కాకుండా మరో మందు పెగ్ ఇంటర్‌ఫెరాన్: వారానికో ఇంజెక్షన్, 48 వారాలు. చికిత్సకు నిర్ణీత గడువు ఉండటం దీని మంచి గుణం. కానీ జ్వరం, నీరసం, మానసిక కుంగుబాటు రావచ్చు. ముదిరిన సిర్రోసిస్‌లోనూ గర్భంతో ఉన్నప్పుడూ వాడకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం, రిపోర్టులు బాగున్నాయని మాత్ర సొంతంగా ఆపేయడం. వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం విఫలం కావచ్చు, ప్రాణమే పోవచ్చు. మాత్రలు అయిపోకముందే తెచ్చిపెట్టుకోండి. మూడు నుంచి ఆరు నెలలకోసారి రక్తపరీక్షలు చేయించండి. సిర్రోసిస్ ఉంటే, వైరస్ అదుపులో ఉన్నా సరే, కాలేయ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించాలి.