పాత జపాన్ మిఠాయి అచ్చును పరిశీలించి భద్రపరచే విధానం

పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో పెళ్లి సారెకు పంచదార చిలకలు పోసే చెక్క అచ్చులను ఎరిగినవారికి, కాషిగాటా అనే జపాన్ మిఠాయి అచ్చు చేతికి రాగానే అది ఏ పనికి చెక్కినదో బోధపడుతుంది. మన అచ్చులో మరిగిన పాకం పోస్తాం. అక్కడ బియ్యప్పిండి, పంచదార కలిపిన పొడిని కొద్ది తడితో అదిమి, తట్టి బయటకు తీసి, రాకుగాన్ అనే మిఠాయి చేస్తారు. అచ్చుకు ఎక్కువగా అడవి చెర్రీ కలపను వాడతారు. అది గట్టిది, సన్నని పోగు గలది. శుభకార్యాలకు తాయ్ చేప, కొంగ, తాబేలు వంటి రూపాలు చెక్కేవారు.

ముందుగా టార్చిని పక్కనుంచి వేసి చూడాలి. మిఠాయి విరగకుండా ఊడి రావాలి కాబట్టి, పనికి వాడిన అచ్చులో గుంట గోడలు పైకి వచ్చేకొద్దీ విచ్చుకొని ఉంటాయి. లోపలికి వంగి ఉంటే అది అలంకరణకు చేసిన నకలేమోనని అనుమానించాలి. తట్టిన చోట అంచులు నలిగి, చేయి పట్టిన చోట నునుపెక్కి, అరుగుదల ఎక్కడికక్కడ వేరుగా ఉండటం సహజం. అంతటా ఒకే తీరున అరిగినట్టు, గుంట అడుగున కూడా ఒకే రంగు పట్టినట్టు కనిపిస్తే నమ్మకూడదు. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఆధారం పురుగు తొలిచిన దారి. పురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు గుండ్రని రంధ్రం చేస్తుంది. చెక్కిన తలం మీద సొరంగాలు పొడుగునా తెరుచుకొని కనిపిస్తే, పుచ్చిన పాత కలపను తెచ్చి తరువాత చెక్కారని అర్థం. వెనుక సిరారాత ఉంటే ఫొటో తీయాలి, తుడవకూడదు.

పేరు తెలియని పనివారు నిత్యవాడుకకు చేసిన వస్తువుల అందాన్ని చాటిన సోయెత్సు యనాగి 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం నెలకొల్పారు. ఆ దృష్టితో చూస్తే వాడుక గుర్తులే ఈ అచ్చుకు విలువ. అందుకే నీళ్లు, కొబ్బరినూనె, వార్నిష్ తగలనీయకుండా, పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మూలల్లో గట్టిపడిన పిండిని వెదురుపుల్లతో సుతారంగా, వదులుగా ఉన్నంత మేరకే తీయాలి. మళ్లీ తినుబండారాలకు వాడవద్దు.

మన గజపతి, గంజాం జిల్లాల వానాకాలమే దీనికి అసలు పరీక్ష. గాలిలో తేమ 70 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది. కాబట్టి బయటి గోడకు దూరంగా, గాలి ఆడే అరలో, చిన్న తేమమాపకం పక్కన ఉంచాలి. తడిసిందని ఎండలో పెడితే చెక్క పగులుతుంది. అచ్చు కింద కొత్తగా పొడి రాలుతూ ఉంటే లోపల పురుగు బతికి ఉందని అనుమానించి, రంగు పూయని ఒంటి చెక్క అచ్చును పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాలి. బయటకు తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే చెక్క మీద నీరు పడుతుంది. ఆ తరువాత, అప్పటికి ఉన్న రంధ్రాలన్నిటికీ ఫొటో తీసి, మరుసటి వేసవి దాటాక కొత్తవి పడ్డాయేమో పోల్చి చూడాలి.