పంటి వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే పరిహారం కోరే విధానం

పంటి వైద్యం వికటించినప్పుడు ఎవరైనా వెంటనే మరో డాక్టరు దగ్గరికి వెళ్లి సరిచేయించుకోవాలనే చూస్తారు. పరిహారం కోరే ఉద్దేశం ఉంటే మాత్రం, ఆ రెండో చికిత్స మొదలుకాకముందే ఎక్స్‌రే తీయించి, పంటి పరిస్థితిని ఆ డాక్టరు చేత తేదీతో సహా రాయించుకోవాలి. పన్ను తీసేశాక గానీ, రూట్ కెనాల్ మళ్లీ చేశాక గానీ, మొదటి తప్పుకు నోట్లో సాక్ష్యం మిగలదు.

ఫలితం బాగాలేనంత మాత్రాన అది నిర్లక్ష్యం అయిపోదు. ఆ వృత్తిలో సాధారణ నైపుణ్యం గలవారు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు పాటించిన కొలమానం. రూట్ కెనాల్ చేస్తుండగా, వేరు లోపల శుభ్రం చేసే సూదిలాంటి సన్నటి పరికరం (ఫైలు) మొన విరిగి పంటి వేరులో ఉండిపోవడం మంచి డాక్టరు చేతిలోనూ జరగవచ్చు. అది ఎక్స్‌రేలో తెల్లటి గీతలా కనిపిస్తున్నా రోగికి చెప్పకుండా పైన క్యాప్ బిగించి పంపడం వేరే సంగతి. జ్ఞానదంతం తీశాక కింది పెదవి మొద్దుబారితే, ఆ ప్రమాదం గురించి ముందే వివరించి సమ్మతి తీసుకున్నారా అన్నది కీలకమవుతుంది.

కేస్ షీటు, సమ్మతి పత్రం, ఎక్స్‌రేలు, బిల్లుల నకళ్లు ఇవ్వాలని క్లినిక్‌ను రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఇవ్వని క్లినిక్‌లు మన ఊళ్లలో కొత్తేమీ కాదు కనుక ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచుకోండి. ఆపై రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, జవాబు సంతృప్తికరంగా లేకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు. చికిత్సకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్ ద్వారానూ దాఖలు చేయవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మీద మాత్రం ఈ దారి పనిచేయదు.

ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అవసరం లేదని హైదరాబాద్ ఆసుపత్రికి సంబంధించిన వి. కిషన్ రావు కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా, పక్క పన్ను పీకేయడం లాంటి బాహాటమైన తప్పు కాకపోతే, మరో దంతవైద్యుడి అభిప్రాయం జతచేయడమే మేలు. కట్టిన ఫీజు, సరిచేయించడానికయ్యే ఖర్చు, పోగొట్టుకున్న జీతం, పడిన బాధ విడివిడిగా లెక్కగట్టి అడగాలి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు గానీ, అక్కడ డాక్టరు మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది తప్ప డబ్బు రాదు.