వర్చువల్ ల్యాబ్‌తో సైన్స్ పాఠం - 3: స్విచ్ వేసే ముందు

పోయిన భాగంలో ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీదే చేసే ప్రయోగాలు, డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా, ఇక స్కూల్లో నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. (కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది, పూర్తిగా ఉచితం.) ఈసారి పదో తరగతి విద్యుత్ పాఠం.

'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' తెరవండి. తెరవగానే ఎలక్ట్రాన్లు కదిలేలా ఉంటుంది, దాన్ని కన్వెన్షనల్‌కి (కరెంటు ప్లస్ నుంచి మైనస్‌కి పోతున్నట్టు చూపించే పద్ధతికి) మార్చండి. పుస్తకంలో బాణాలు ప్లస్ నుంచి మైనస్‌కి, తెర మీద చుక్కలు ఎదురు దిశలో పోతుంటే పిల్లల బుర్ర అక్కడే ఆగిపోతుంది.

9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బులు రెండు, శ్రేణి సంధానం (ఒకదాని తర్వాత ఒకటి, ఒకే దారిలో), ఒక స్విచ్. స్విచ్ మాత్రం వేయకండి. "ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఎందుకు?" అని అడిగి ప్రతి ఒక్కరిచేతా నోట్సులో రాయించండి. నోటితో చెప్పిస్తే ముందు బెంచీలో ఇద్దరు అనగానే మిగతా క్లాసంతా వాళ్ల వెనకాలే పోతుంది, ఇక ఎవరు ఏమనుకుంటున్నారో మనకి తెలిసే దారే ఉండదు. చాలామంది మొదటి బల్బే అని రాస్తారు: "కరెంటు ముందు దానికే అందుతుంది కదా టీచర్, కొంత అదే వాడేసుకుంటుంది."

ఇప్పుడు స్విచ్ వేయండి. రెండూ ఒకేలా వెలుగుతాయి. కరెంటు కొలిచే అమ్మీటర్‌ని మొదటి బల్బుకి ముందు, రెండింటి మధ్య, చివర పెట్టి చూపించండి: మూడు చోట్లా 0.45 ఆంపియర్లే. వెంటనే వివరణ మొదలుపెట్టొద్దు, నాకు ఇక్కడ నోరు విప్పకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టం. "మరి బల్బు వాడుకున్నదేంటి?" అని మాత్రం అడిగి కాసేపు వదిలేయండి. ఆ తర్వాత వోల్ట్‌మీటర్ తీసి ఒక్కో బల్బు దగ్గర 4.5 వోల్టులు చూపిస్తే, ఖర్చయింది విద్యుదావేశం (తీగలో ప్రవహించేది) కాదు, శక్తి అని ఎవరో ఒకరు పట్టుకుంటారు.

అంతటితో కంప్యూటర్ కట్టేసి ఇదే సర్క్యూట్ బల్ల మీద కట్టించండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో మల్టీమీటర్, టార్చి బల్బులు, సెల్ హోల్డర్ అన్నీ దొరుకుతాయి. అసలు బల్బులు రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి కాస్త తేడాగా వెలగొచ్చు. సెల్‌కి లోపల కూడా కొంత నిరోధం (అంతర్నిరోధం) ఉంటుంది కాబట్టి బల్బు వెలుగుతుండగా సెల్ వోల్టేజీ కూడా కొంచెం పడిపోతుంది. ఆ తేడాలు రాయించండి, సరిచేయొద్దు. తెర మీద షార్ట్ సర్క్యూట్ చేస్తే బ్యాటరీకి మంటలొస్తాయి, అది అక్కడే చూపించండి, బల్ల మీద వద్దు.

వచ్చే భాగానికి పని: అవే బల్బుల్ని సమాంతరంగా కలిపి, బ్యాటరీ పక్కన అమ్మీటర్ ఎంత చూపిస్తుందో ముందు మీరే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే స్విచ్ వేయండి.