ఓడలో అగ్నిమాపక పరికరాలను ఎలా పరీక్షించాలి?

సరుకు ఓడల్లో ఈ పని సాధారణంగా థర్డ్ ఆఫీసర్ నెత్తిన పడుతుంది. చెక్‌లిస్టులో టిక్కులు పెట్టడం పావుగంట పని. ఒక్కోదాన్నీ తెరిచి, తిప్పి, నడిపి చూడాలంటే ఒక పూట పడుతుంది. ఆ పూట పక్కన పెట్టుకోండి.

మొదట అలారం. ఇది పరీక్షేనని మైకులో చెప్పి, ఏడు చిన్న మోతలు, ఒక పొడుగు మోత మోగించండి. ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ ప్రకారం వారానికోసారి ఇది తప్పనిసరి. ఇంజిన్ రూమ్ హోరులో వినపడిందో లేదో అక్కడున్న మనిషినే అడగండి.

తర్వాత ఎమర్జెన్సీ ఫైర్ పంప్. అసలు పరీక్ష ఇదే. మెయిన్ పంపులుండే ఇంజిన్ రూమ్‌లోనే మంటలు లేస్తే ఇదొక్కటే దిక్కు. కాబట్టి మెయిన్ పంపులు ఆపి, ఇంజిన్ రూమ్ వైపు నీళ్లు పోకుండా ఐసోలేషన్ వాల్వ్ మూసి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఆ వాల్వ్ జోలికి చాలామంది పోరు, అది కాస్తా బిగుసుకుపోతుంది. ఫోక్సిల్ (ఓడ ముందుభాగపు డెక్) మీద ఒక హోస్, సిబ్బంది ఉండే అకామడేషన్ పైఅంతస్తులో ఇంకో హోస్ తగిలించి రెండూ ఒకేసారి వదలండి. 6,000 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న సరుకు ఓడలో హైడ్రెంట్ (హోస్ తగిలించే కుళాయి) దగ్గర కనీసం 2.7 బార్ల ఒత్తిడి రావాలి. నిండు ఓడలో పంప్ సులువుగానే నీళ్లు లాగుతుంది. సరుకు దింపేశాక, ఓడ పైకి తేలినప్పుడు కూడా లాగితేనే దాన్ని నమ్మండి.

పని అయ్యాక హోస్‌లను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. మడత మళ్లీ పాతచోటే పడకుండా చుట్టండి.

పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ గేజ్ ముల్లు పచ్చలో ఉందని వదిలేయకండి. ఓడ అదురుకు పొడి అడుగున గట్టిపడుతుంది, ఆ సంగతి గేజ్‌కు తెలీదు. తలకిందులు చేసి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల పొడి జారుతున్న సవ్వడి వినపడాలి.

మంటకు గాలి అందకుండా వెంటిలేటర్లను మూసే డ్యాంపర్లదీ ఇలాంటి మోసమే. పిడి హాయిగా తిరుగుతుంది, లోపలి రేకు మాత్రం తుప్పుపట్టి కదలదు. టార్చి వేసి రేకునే చూడండి.

పొగలోకి వెళ్లేవాళ్లు తగిలించుకునే శ్వాస సెట్టు సిలిండర్ తెరిచి మూసేసి, మాస్క్‌లోంచి మెల్లగా గాలి పీల్చండి. ఒత్తిడి 55 బార్ల దరిదాపుల్లోకి దిగేసరికి విజిల్ కూయాలి. గడ్డం పెంచినవాళ్లకు మాస్క్ ముఖానికి అతుక్కోదు, మొహమాటపడకుండా చెప్పేయండి.

మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లుండే సీఓటూ గదిలోకి వెళ్లేముందు ఫ్యాన్ వేయండి. లీకైన గ్యాస్ నేలబారునే ఉంటుంది. సిలిండర్‌లో ఐదుశాతం మించి తగ్గితే మళ్లీ నింపించాలి. గ్యాస్ వదిలే మీటలుండే రిలీజ్ పెట్టెలో చేయి పెట్టకండి.

చివరగా, రేవులో ఫైరింజన్ నుంచి ఓడలోకి నీళ్లు ఎక్కించుకునే షోర్ కనెక్షన్. దానికి 16 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగుండాలి. డెక్ మీద అవసరానికి ఎవరో ఒకటి పట్టుకుపోతూనే ఉంటారు, లెక్కపెట్టండి.