పాటకు ముందు నాలుగు గంటలు, పాటయ్యాక అరగంట: ఎండాకాలం లైవ్ షోలకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఉగాది దాటిందంటే మన మైదానాలకు తీరిక ఉండదు. శ్రీరామనవమి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు, జాతరల్లో తెల్లవార్లూ పాటలు, నగరాల్లో స్టేడియాలు అద్దెకు తీసుకుని సినిమా సంగీతం లైవ్ షోలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనమే అంటాం, ఆ కార్తెలోనే టికెట్ కొని గ్రౌండులో నిలబడతాం. వెళ్లొద్దని చెప్పను. కుర్రతనంలో ఆర్కెస్ట్రాల వెంట తిరిగి కేబుళ్లు లాగినవాణ్ణి, ఇప్పటికీ స్పీకర్లు కడుతుంటే చూడ్డానికైనా ఆగుతాను. కానీ స్టేజీ వెనక నుంచి చూసిన నాకు ఒకటి బాగా తెలిసింది. జనం పడిపోయేది పాట జోరు మీదున్నప్పుడు తక్కువ. అంతకుముందు ఎదురుచూసే నాలుగు గంటల్లో, అయిపోయాక గేటు దగ్గరి అరగంటలో ఎక్కువ.

టికెట్ మీద ఏడు గంటలని ఉంటుంది. ముందు వరుస కావాలనుకునేవాడు మూడింటికే క్యూలో ఉంటాడు. మూడింటికి విజయవాడలో ఎండ ఎలా ఉంటుందో విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. విశాఖలో అయితే సముద్రపు గాలి ఉందిలే అని మోసపోతారు. ఉక్కపోతలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. నీడలేని సిమెంటు మీద, నాలుగు వైపులా మనుషుల మధ్య, గాలి ఆడని చోట నిలబడితే వాతావరణ శాఖ చెప్పే అంకె మీకు వర్తించదు. అది నీడలో కొలిచిన అంకె.

2023 నవంబరు 17న బ్రెజిల్‌లోని రియోలో టేలర్ స్విఫ్ట్ షోకు వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి వేడికి తట్టుకోలేక చనిపోయింది. బయటి నీళ్ల సీసాలు లోపలికి రానివ్వలేదని జనం మండిపడితే, మర్నాడే అక్కడి ప్రభుత్వం సీసాలు అనుమతించాలని ఆదేశించింది. అంత దూరం ఎందుకు, 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా బీచ్‌లో విమానాల విన్యాసాలు చూడ్డానికి వెళ్లిన వాళ్లలో ఐదుగురు చనిపోయారు. అది ఎండాకాలం కూడా కాదు.

అందుకని టికెట్ కొన్న రోజే చూసుకోవాల్సింది ఒకటుంది: నీళ్లు లోపలికి రానిస్తారా, లోపల ఉచితంగా ఇస్తారా? నిబంధనల్లో లేకపోతే ఫోన్ చేసి అడగండి. ఉత్త నీళ్లు తాగుతూ కూర్చుంటే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. ఇంటి దగ్గర పెరుగన్నం తిని, ఉప్పేసిన మజ్జిగ తాగి బయల్దేరితే సగం పని అయినట్టే. బిర్యానీ మర్నాటికి పెట్టుకోండి. బీరు తాగి ఎండలో నిలబడేవాళ్లకు చెప్పినా వినరు గానీ, అది ఒంట్లో నీళ్లు లాగేస్తుంది.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు జేబులో వేసుకోండి, ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నిట్లోనే కలపండి. మందుల షాపుల్లో డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ ఆదేశం ఇవ్వలేదు.

ఇక నాకు బాగా బెంగగా ఉండే సంగతి. వడదెబ్బ తగిలినవాడు తూలతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, చిరాకు పడతాడు. లైవ్ షోలో అలాంటివాణ్ణి చూస్తే పక్కనున్నవాళ్లు ఏమంటారు? 'ఎక్కువైందిరా వీడికి' అని నవ్వి వదిలేస్తారు. మనిషి ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే తాగాడా లేదా అన్న చర్చ తర్వాత. 108కి ఫోన్ చేసి, వెంటనే పక్కకు తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. కూల్‌డ్రింకులు అమ్మేవాడి దగ్గర ఐసు ఉంటుంది, గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ ఈ వేడిని దించదు. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలి, అదే ప్రాణం నిలబెడుతుంది.

బీపీకి నీరు పోయే మాత్రలు వాడే పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ముందు డాక్టర్ని ఒక మాట అడగండి. కూర్చునే సీట్లు కొనండి, పొద్దుగూకాక తీసుకెళ్లండి. ముందు వరుస వాళ్లకు అక్కర్లేదు.

తోపులాట సంగతికొస్తే, 2023 నవంబరు 25 నాటి కొచ్చి ఘటన తల్చుకోవాలి. అక్కడి కుసాట్ విశ్వవిద్యాలయంలో ఆరుబయట ఆడిటోరియం, సాయంత్రం పాటల కార్యక్రమం. ఇంకా మొదలే కాలేదు. వాన పడింది, బయట ఉన్న జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, లోపల దిగువకు మెట్లు. నలుగురు చనిపోయారు. ఆ మెట్ల మీద ముందున్నవాడు జారాడన్నది వెనకున్నవాడికి తెలియదు. అందుకే వాన మొదలవగానే గుంపు ఎటు పరిగెడుతోందో అటు వెళ్లకండి. తడిస్తే తడుస్తారు.

చదరపు మీటరులో నలుగురైదుగురు దాటి ఇరుక్కుంటే ప్రమాదం మొదలైనట్టే. అంత లెక్క ఎవరు వేస్తారు? తేలికైన గుర్తు చెబుతాను: చేతులు పైకెత్తి మళ్లీ దించుకోగలుగుతున్నారా? మీరు అడుగు వేయకుండానే ఒళ్లు అటూ ఇటూ ఊగుతోందా? రెండోది జరుగుతుంటే ఇష్టమైన పాట వస్తున్నా సరే బయటికి రండి. ఎదురు తోయకండి, అల వచ్చినప్పుడు దాంతో కదిలి, తగ్గినప్పుడు ఏటవాలుగా అంచుకు జరగండి. మోచేతులు మడిచి పిడికిళ్లు గుండెకు ముందు పెట్టుకుంటే ఊపిరికి చోటు ఉంటుంది. ఫోను కింద పడితే వంగి తీయొద్దు. పోతే పోయింది.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. షో అయ్యాక గ్రౌండు ఊడ్చినప్పుడు కుప్పలుగా దొరికేవి చెప్పులే, అవి తెగినవాళ్లే ముందు పడతారు. చున్నీ నడుముకు చుట్టుకోండి. పిల్లల ముంజేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి.

ఏప్రిల్, మేలలో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఈదురుగాలి ఎప్పుడైనా లేస్తుంది, సరిగ్గా జనం నిండే వేళకు. 2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా రాష్ట్ర జాతరలో కచేరీ మొదలయ్యేముందు గాలికి స్టేజీ కప్పు కూలి ఏడుగురు పోయారు. లైట్లు వేలాడే ఇనప చట్రం, ఎల్ఈడీ తెర, షామియానా గుంజలు, ఇవన్నీ గాలికి తెరచాపలే. మబ్బు కమ్మితే వాటికి దూరంగా జరగండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపే ఉంటే పిడుగు దగ్గర్లోనే ఉన్నట్టు: పక్కా భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. చెట్టు కింద మాత్రం నిలబడొద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ పిడుగు హెచ్చరికలు ఇస్తుంది. తడి నేల మీద పాకే కేబుళ్లను తొక్కకండి, జనరేటర్ దగ్గర నీడ బాగుందని కూర్చోకండి.

చెవుల గురించి రెండు మాటలు. ఇలాంటి చోట్ల ధ్వని 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన సబ్ ఊఫర్ల ముందు ఆ మాట వినపడదు. స్పీకర్ల గోడకు దూరంగా నిలబడండి, చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోండి, చంటిపిల్లలను తీసుకురాకండి.

చివరి పాట మొదలవగానే సగం జనం లేస్తారు, మిగతా సగం అది అయ్యాక ఒక్కసారిగా కదులుతారు. గేటు ఒక్కటే, దానికి అడ్డంగా కుర్చీలు, పార్కింగు కోసం హడావిడి. వచ్చేటప్పుడే రెండో దారి ఎటుందో చూసి పెట్టుకోండి. నెట్‌వర్క్ అందదు కాబట్టి విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, ఫలానా షాపు ముందు అని, గేటు దగ్గర మాత్రం కాదు. గచ్చిబౌలి స్టేడియం దగ్గర మెట్రో లేదు, దగ్గరి స్టేషన్ రాయదుర్గం. ఆఖరి రైలు వేళ మధ్యాహ్నమే చూసుకుని, అందదనిపిస్తే ఆటోకో క్యాబ్‌కో డబ్బు పక్కన పెట్టుకోండి. ఇవన్నీ సర్దుకున్నాక తొందరేముంది? అరగంట అక్కడే నేల మీద కూర్చోండి. కేబుళ్లు చుట్టే కుర్రాళ్లను చూస్తూ మిగిలిన మజ్జిగ తాగండి.