పచ్చి టమాటా పచ్చడికి ముందు చూసుకోవాల్సినవి

ఎండలు ముదిరాయి, పెరట్లో టమాటా మొక్కలు పీకేసే టైమొచ్చింది. చెట్టు మీద మిగిలిన పచ్చికాయలన్నీ రోట్లోకే అనుకోకండి.

- ముందు కాయలు వేరు చేయండి. ఆకుపచ్చ తగ్గి తెల్లబారినవి పండుతాయి, వాటిని అరటిపండుతో కలిపి కాగితంలో చుట్టి పెట్టండి. రంగు తిరగనివి పచ్చడికి. గోలీకాయంత ముదురాకుపచ్చ పిందెలు చేదు, పారేయండి. నేను ఒకసారి పిసినారితనానికి పోయి అవీ వేశాను, గిన్నెడు పచ్చడీ పాడైంది.
- అడుగున నల్లటి మచ్చ ఉంటే కోసి చూడండి. లోపల కుళ్లితే వద్దు.
- ముచ్చిక, ఆకు ముక్కలు తీసేయండి. టొమాటిన్ అనే చేదు పదార్థం ఆకుల్లో బాగా ఉంటుంది, పచ్చికాయలోనూ కొంత ఉంటుంది. కాబట్టి పచ్చివి గబగబా నమిలేయకండి.
- కడిగాక పొడిగుడ్డతో తుడవాలి. తడి ముక్క కాగిన నూనెలో పడితే చిటపటలు చేతిమీదికే!
- అల్యూమినియం మూకుడు వద్దు, పులుపు పడదు.
- చింతపండు సగమే నానబెట్టండి. కాయలోనే పులుపుంది, రుచి చూశాక కావాలంటే కలుపుకోవచ్చు.
- మగ్గిన ముక్కలు చల్లారేదాకా మిక్సీ జోలికి వెళ్లొద్దు. వేడి ఆవిరికి మూత ఎగిరిపోతుంది.